ఇంగ్లీషు ‘గెట్’ను అర్థాల జాబితా లేకుండా నేర్చుకోవడం ఎలా?

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెరిచి ‘గెట్’ అన్న మాట దగ్గర చూస్తే పొందు, సంపాదించు, తెచ్చు, కొను, చేరు, అగు, గ్రహించు, చేయించు అంటూ అర్థాల వరుస కనిపిస్తుంది. ఆ వరుసనంతా కంఠస్థం చేసిన విద్యార్థి కూడా, మర్నాడు ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ అన్న వాక్యం ఎదురైతే, చీకటిని ఎవరు పొందుతున్నారో తెలియక తడబడతాడు. తాను మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ మాట జోలికే పోకుండా ‘రిసీవ్’, ‘బికమ్’, ‘అబ్టైన్’ వంటి బరువైన మాటలతో నెట్టుకొస్తాడు. ఇందులో అతని జ్ఞాపకశక్తి లోపమేమీ లేదు. ‘గెట్’కు విడిగా ఉన్న అర్థం చాలా పలుచన, దాని పక్కన ఏ రకం మాట వచ్చి చేరిందన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది. కాబట్టి నేర్చుకోవలసినది అర్థాలను కాదు, పొరుగు మాటలను.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మెట్ల మీద పడ్డాడు, చీకటి పడింది, భయపడింది, కష్టపడుతున్నారు, కిలో ఎంత పడింది, అత్తకూ కోడలికీ పడదు అనే వాక్యాలన్నిటిలో ఉన్నది ఒకే ‘పడు’. ఆ క్రియకు ఎన్ని అర్థాలున్నాయని ఎవరైనా అడిగితే చెప్పలేం గాని, వాడేటప్పుడు ఒక్కసారి కూడా పొరబడం. ఎందుకంటే మనం దాన్ని ఎప్పుడూ ఒంటరిగా వినలేదు, పక్క మాటతో కలిపే విన్నాం. ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకునేవారి కోసం నిఘంటువు కూర్చిన ఎ.ఎస్. హార్న్‌బీ పట్టుకున్న కీలకమూ ఇదే. ఆయన జపాన్‌లో ఇంగ్లీషు బోధిస్తూ తన సహచరులతో కలిసి తయారు చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది; ఒక్కొక్క క్రియ తర్వాత ఏ రకం మాటలు ఏ వరుసలో వస్తాయో మూసలుగా విడగొట్టి చూపడం అందులోని ప్రత్యేకత. ఈ రోజు ఉచితంగా దొరికే విద్యార్థి నిఘంటువులు కూడా ‘గెట్’ను ఇలాంటి మూసలతోనే చూపుతాయి. మన విద్యార్థులు వాటిని దాటేసి నేరుగా అర్థం దగ్గరికి పోతారు. ముందుగా మానుకోవలసిన అలవాటు అదే.

‘నాకు’తో మొదలయ్యే వాక్యాలు

తెలుగువారికి ‘గెట్’ ఎక్కువగా అవసరమయ్యే చోటు ఒకటుంది. నాకు ఉద్యోగం వచ్చింది, నాకు లెక్కల్లో 85 మార్కులు వచ్చాయి, అక్కకు ఉత్తరం అందింది, మాకు టికెట్లు దొరికాయి, తమ్ముడికి జలుబు చేసింది అన్న వాక్యాలను గమనించండి. వీటిలో మనిషికి ‘కు’ విభక్తి చేరింది. వచ్చిందీ అందిందీ దొరికిందీ వస్తువు. తెలుగులో ఉద్యోగమే నడిచి వస్తుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. ఇంగ్లీషులో ఈ కూర్పు తిరగబడుతుంది. మనిషి కర్త అయి ముందుకు వస్తాడు, వస్తువు కర్మ అయి వెనక్కి వెళ్తుంది, మధ్యలో ‘గెట్’ నిలుస్తుంది: ‘ఐ గాట్ ఎ జాబ్’, ‘ఐ గాట్ 85 మార్క్స్ ఇన్ మ్యాథ్స్’, ‘వీ గాట్ టికెట్స్’, ‘మై బ్రదర్ గాట్ ఎ కోల్డ్’. ‘జాబ్ కేమ్ టు మీ’ అని మనవాళ్లు అనడం ఈ తిరగబడడం తెలియకపోవడం వల్లనే. అందుచేత మొదటి సూత్రం ఇలా పెట్టుకోవచ్చు: మనసులో తెలుగు వాక్యం ‘నాకు’, ‘ఆమెకు’, ‘మాకు’ అని మొదలై, వచ్చు, అందు, దొరకు, దక్కు, లభించు వంటి క్రియతో ముగిస్తే ‘గెట్’ను ఒకసారి ప్రయత్నించి చూడాలి.

అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుంటే ఒక గుంటలో పడతాం. నాకు నిద్ర వస్తోంది, కోపం వచ్చింది, ఆకలి వేస్తోంది అన్నవి కూడా ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలే. వీటిని అదే మూసలో పోసి ‘ఐయామ్ గెటింగ్ స్లీప్’, ‘ఐ గాట్ యాంగర్’ అనడం తెలుగు రాష్ట్రాల్లో నిత్యం వినిపిస్తుంది. ఇక్కడ ‘గెట్’ను ఎంచుకోవడం సరైనదే, దాని పక్కన పెట్టిన మాటే తప్పు. నిద్ర, కోపం, ఆకలి వంటి మనఃస్థితులకూ శరీర స్థితులకూ ఇంగ్లీషులో నామవాచకం బదులు విశేషణం కావాలి: ‘ఐయామ్ గెటింగ్ స్లీపీ’, ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐయామ్ గెటింగ్ హంగ్రీ’. జబ్బులు మాత్రం నామవాచకాలుగానే ఉంటాయి కనుక ‘గాట్ ఎ కోల్డ్’, ‘గాట్ ఎ ఫీవర్’ నిక్షేపంగా చెల్లుతాయి. ఇక తరగతి గదుల్లో మారుమోగే ‘ఐ గాట్ ఎ డౌట్’ ఉంది. మన దేశంలో దాన్ని ఎవరూ తప్పు పట్టరు గాని, బయటివారికి ‘డౌట్’ అంటే అపనమ్మకం. పాఠంలో అర్థం కానిది అడగడానికి ‘ఐ హావ్ ఎ క్వెశ్చన్’ అనాలి.

స్థితి మారితే

‘గెట్’ తర్వాత విశేషణం వస్తే ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడం అని అర్థం. ‘ఐయామ్ టైర్డ్’ అంటే అలసిపోయి ఉన్నాను. ‘ఐ గెట్ టైర్డ్’ అంటే అలసిపోతుంటాను. ‘షి ఈజ్ మ్యారీడ్’ అంటే ఆమె వివాహిత. ‘షి గాట్ మ్యారీడ్ ఇన్ 2015’ అంటే ఆమెకు 2015లో పెళ్లి అయింది. ఒకటి ఉన్న స్థితి, రెండోది జరిగిన సంఘటన. పెళ్లి మాట వచ్చింది కాబట్టి, ఎవరితో జరిగిందో చెప్పేటప్పుడు తెలుగు ‘తో’ను పట్టుకుని ‘విత్’ అనకూడదనీ, ‘టు’ అనాలనీ ఇక్కడే గుర్తు పెట్టుకోవడం మంచిది. మనం తడిసిపోవడం, ముసలివాళ్లం కావడం, దారి తప్పడం, తయారవడం, పొద్దుపోవడం అని వేర్వేరు క్రియలతో చెప్పేవన్నీ ఇంగ్లీషులో ‘గెట్ వెట్’, ‘గెట్ ఓల్డ్’, ‘గెట్ లాస్ట్’, ‘గెట్ రెడీ’, ‘గెట్ లేట్’ అని ఒకే మూసలో ఒదిగిపోతాయి.

ఈ మూసకూ హద్దులున్నాయి. పాలు పాడవడానికీ, బట్టతల రావడానికీ, చూపు పోవడానికీ ‘గో’ వాడతారు. ఇరవయ్యో ఏడు నిండడానికి ‘టర్న్’ వాడతారు. అన్నిటికన్నా ముఖ్యమైన హద్దు వృత్తుల దగ్గర ఉంది. ఆమె డాక్టరయింది అనడానికి ‘షి బికేమ్ ఎ డాక్టర్’ అనాలి. ‘షి గాట్ ఎ డాక్టర్’ అంటే ఆమె వెళ్లి డాక్టరును వెంటబెట్టుకొచ్చింది అని అర్థమవుతుంది; ఎందుకంటే అక్కడ ‘గెట్’ పక్కన ఉన్నది నామవాచకం, కనుక వాక్యం మళ్లీ మొదటి మూసలోకి జారిపోయింది. పొరుగు మాటను చూడమని పదేపదే చెప్పడం ఇందుకే.

‘తెచ్చు’ అన్న అర్థం గురించి కూడా ఒక మాట. ‘బ్రింగ్’ అంటే వచ్చేటప్పుడు పట్టుకురావడం. ‘గెట్’లో వెళ్లడం, తీసుకోవడం, తిరిగి రావడం మూడూ ఉన్నాయి. మనం ‘వెళ్లి తీసుకొస్తాను’ అనేదానికి సరిపోయేది రెండోదే. ‘కెన్ యు గెట్ మి సమ్ వాటర్?’ అంటే కాసిని నీళ్లు తెచ్చిపెడతారా అని. తెచ్చిపెట్టేది ఎవరికోసమో ఆ మనిషి మాట ‘గెట్’ పక్కనే వస్తుంది, వస్తువు ఆ తర్వాత వస్తుంది.

చేరడం, ఎక్కడం, దిగడం

‘గెట్’ పక్కన చోటును సూచించే మాట వస్తే కదలిక అర్థం వస్తుంది. ‘గెట్ టు ద స్టేషన్’ అంటే స్టేషనుకు చేరడం. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ అనే మూడు మాటల ముందు మాత్రం ‘టు’ పెట్టకూడదు. ఆ వాక్యాల్లో ‘హోమ్’ అంటే ‘ఇల్లు’ కాదు, ‘ఇంటికి’. ‘కి’ దానిలోనే ఇమిడి ఉంది. అందుకే ‘ఐ గాట్ హోమ్ ఎట్ నైన్’ అంటారు.

తెలుగులో ఏ బండికైనా ఎక్కు, దిగు అన్న రెండు క్రియలు చాలు. ఇంగ్లీషు వాహనాన్ని బట్టి జత మారుస్తుంది. లోపల నిలబడి నడవడానికి వీలున్న బస్సు, రైలు, విమానం, ఓడ వంటివాటికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. వంగి లోపలికి దూరి కూర్చునే కారు, ట్యాక్సీ, ఆటో వంటివాటికి ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’. కాలు అటొకటి ఇటొకటి వేసి కూర్చునే సైకిలు, మోటారు సైకిలు, గుర్రం మళ్లీ ‘ఆన్’, ‘ఆఫ్’ కిందికే వస్తాయి. అమీర్‌పేటలో మెట్రో దిగుతున్నామని చెప్పడానికి మనవాళ్లు ‘ఐయామ్ గెటింగ్ డౌన్ ఎట్ అమీర్‌పేట్’ అంటారు. దిగడంలో ‘కిందికి’ అన్న భావం ఉండడంతో ‘డౌన్’ సహజంగా వచ్చి చేరింది. భారతీయ ఇంగ్లీషులో ఇది స్థిరపడిన ప్రయోగం, హైదరాబాదులోనూ చెన్నైలోనూ దాన్ని దిద్దవలసిన పని లేదని నా అభిప్రాయం. లండన్‌లోనో డల్లాస్‌లోనో బస్సు డ్రైవరుతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘గెట్ ఆఫ్’ అనాలి, ఎందుకంటే అక్కడ ‘గెట్ డౌన్’ అన్నది చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగమనడానికీ, ప్రమాదం ఎదురైనప్పుడు కిందికి వంగమనడానికీ వాడే మాట.

చేయించుకోవడం

తెలుగువారికి నిజంగా అనుకూలించే మూస ఇది. మన క్రియకు ‘ఇంచు’ చేర్చగానే పని మరొకరి చేత జరిగిందని తెలిసిపోతుంది: కట్టు–కట్టించు, రాయు–రాయించు, చేయు–చేయించు. ఇంగ్లీషు క్రియకు ఇలాంటి ప్రత్యయం లేదు. ఆ పనిని ‘గెట్’ నెరవేరుస్తుంది. ‘ఐ కట్ మై హెయిర్’ అంటే తానే కత్తెర పట్టుకున్నట్టు ధ్వనిస్తుంది. మంగలి షాపుకు వెళ్లి కటింగ్ చేయించుకుంటే ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. వరుస ముఖ్యం: ‘గెట్’, ఆ తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. బండి బాగు చేయించాను అంటే ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’. ఇంటికి సున్నం వేయించాం అంటే ‘వీ గాట్ ద హౌస్ వైట్‌వాష్డ్’.

చేసిన మనిషిని కూడా చెప్పదలిస్తే వరుస మారుతుంది. ఒకే సంఘటనను రెండు విధాలుగా చూద్దాం. ఫారం మీద సంతకం పెట్టించుకున్నాను: ‘ఐ గాట్ ద ఫారం సైన్డ్’. నాన్న చేత ఫారం మీద సంతకం పెట్టించాను: ‘ఐ గాట్ మై ఫాదర్ టు సైన్ ద ఫారం’. మొదటిదాంట్లో ‘గెట్’ పక్కన వస్తువు ఉంది కాబట్టి క్రియ ‘సైన్డ్’ అయింది. రెండోదాంట్లో మనిషి ఉన్నాడు కాబట్టి ‘టు సైన్’ అయింది. ఈ రెండోదాంట్లో కాస్త బతిమాలడమో నచ్చజెప్పడమో ఉన్న ఛాయ ఉంటుంది. ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే బలవంతం; ‘ఐ హాడ్ హిమ్ సైన్’ అంటే చెప్పి చేయించడం, అధికారి గుమస్తాకు చెప్పినట్టు. ‘మేక్’కూ ‘హావ్’కూ తర్వాత ‘టు’ రాదు, ‘గెట్’కు తప్పనిసరి. పోటీ పరీక్షల్లో వాక్యదోషాలు పట్టుకోమనే ప్రశ్నలు తయారు చేసేవారికి ఈ ‘టు’ చాలా ప్రీతిపాత్రం.

వస్తువు లేకుండా ‘గెట్’ పక్కన నేరుగా మూడో రూపం వస్తే, కర్తకు ఏదో జరిగిందని అర్థం, సాధారణంగా అది చెడే అయి ఉంటుంది: ‘హి గాట్ కాట్’ అంటే దొరికిపోయాడు, ‘హి గాట్ స్కోల్డెడ్’ అంటే తిట్లు తిన్నాడు. దెబ్బలూ చివాట్లూ తినడం అని మనం అనే చోట ఇంగ్లీషు వాడుకలో ఇది చక్కగా అమరుతుంది.

‘గాట్ టు’ దగ్గర జాగ్రత్త

చెవికి ఒకేలా వినిపించి పూర్తిగా వేరే అర్థాలిచ్చే జంట ఇక్కడ ఉంది. ‘ఐ గాట్ టు మీట్ హిమ్’ అంటే ఆయన్ని కలిసే అవకాశం దక్కింది; కలవడం అయిపోయింది, సంతోషంగా చెబుతున్నాం. ‘ఐ హావ్ గాట్ టు మీట్ హిమ్’ అంటే ఆయన్ని కలిసి తీరాలి, ఇంకా కలవలేదు. మాటల్లో ‘ఐ హావ్’ కుదించుకుపోయి ‘ఐవ్’ అవుతుంది కనుక రెండు వాక్యాలకూ తేడా ఒక్క ‘వ్’ శబ్దం. వేగంగా మాట్లాడే అమెరికన్లు ఆ ‘వ్’ను కూడా మింగేసి ‘ఐ గాటా’ అంటారు. అప్పుడు ‘తీరాలి’ అన్న అర్థమే తీసుకోవాలి. వినేటప్పుడు నిర్ధారణ కాకపోతే చుట్టూ ఉన్న కాలవాచకాలను చూడాలి: నిన్న, పోయిన వారం అని ఉంటే అవకాశం; రేపు, ఇప్పుడే అని ఉంటే తప్పనిసరి.

అమెరికాలో ఉండేవారికి మరొక రూపం ఎదురవుతుంది. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘గెట్’ మూడో రూపం ‘గాట్’. అమెరికాలో చాలా చోట్ల ‘గాటెన్’. దీన్ని అమెరికన్లు చెడగొట్టిన రూపంగా కొందరు ఉపాధ్యాయులు చెబుతుంటారు గాని, నిజానికి అది పాత రూపమే, బ్రిటన్‌లో వాడుక తప్పి అమెరికాలో నిలిచింది. ‘ఫర్‌గాటెన్’లో అది రెండు చోట్లా ఇప్పటికీ బతికే ఉంది, ఆ ‘ఫర్‌గెట్’ కూడా ‘గెట్’ చుట్టమే. అమెరికన్లు ఈ రెండు రూపాలతో ఒక సన్నని భేదం కూడా చూపుతారు: ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారు ఉంది, ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు తెచ్చుకున్నాను.

అర్థమవడం అన్న అర్థంలో ‘ఐ గెట్ ఇట్’, ‘గాట్ ఇట్’ అన్నవి మన ఆఫీసుల్లో బాగా అలవాటైన మాటలు. సమానులతో పరవాలేదు. పెద్దలకో పై అధికారికో వివరించి చివర ‘గాట్ ఇట్?’ అని అడగడం మాత్రం ‘ఏం, తెలిసిందా?’ అన్నట్టే ఉంటుంది. అలాగే ‘గెటప్’ను మన సినిమా వార్తలు హీరో కొత్త వేషానికి మెచ్చుకోలుగా వాడుతుంటే, ఇంగ్లీషులో అదే మాట వింత దుస్తులను చూసి నవ్వుకునే ధోరణిలో ఎక్కువగా వస్తుంది, ఎవరి దుస్తులనైనా పొగడడానికి అది పనికిరాదు.

సాధన ఎలా చేయాలి?

నోటుపుస్తకంలో ‘గెట్’ అని శీర్షిక పెట్టి కింద అర్థాలు రాయకండి. ఒక్కొక్క మూసకు ఒక పేజీ కేటాయించి, ఎడమ వైపు మీ ఇంట్లో నిజంగా అనుకునే తెలుగు వాక్యాన్ని, కుడి వైపు దాని ఇంగ్లీషు వాక్యాన్ని రాయండి. ఒక మూస నాలుకకు అలవాటయ్యే దాకా రెండోదాని దగ్గరికి వెళ్లకపోవడం మంచిది. విన్నప్పుడో చదివినప్పుడో ‘గెట్’ కనిపిస్తే అర్థం వెతకడానికి ముందే అది ఏ పేజీకి చెందుతుందో నిర్ణయించండి. సగం అర్థం అక్కడే తేలిపోతుంది.

మూసలు కొంత పట్టుబడ్డాక, వాటిని కలగలిపి ఇలాంటి చిన్న పేరాతో పరీక్షించుకోవచ్చు. ‘ఆఫీసు నుంచి బయల్దేరేసరికి చీకటి పడుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగాను. తడిసి ముద్దయ్యాను. తొమ్మిదింటికి ఇంటికి చేరాను. తెల్లారేసరికి జలుబు చేసింది. తమ్ముడు వెళ్లి మాత్రలు తెచ్చిపెట్టాడు. గొడుగు బాగు చేయించుకోవాలి.’ కింది వాక్యాలు చూడకుండా ముందు మీరు రాయండి.

‘ఇట్ వాజ్ గెటింగ్ డార్క్ వెన్ ఐ లెఫ్ట్ ద ఆఫీస్. ఐ గాట్ ఆఫ్ ద బస్ ఎట్ దిల్‌సుఖ్‌నగర్. ఐ గాట్ సోక్డ్. ఐ గాట్ హోమ్ ఎట్ నైన్. బై మార్నింగ్ ఐ హాడ్ గాట్ ఎ కోల్డ్. మై బ్రదర్ వెంట్ అవుట్ అండ్ గాట్ మి సమ్ టాబ్లెట్స్. ఐ మస్ట్ గెట్ మై అంబ్రెల్లా రిపేర్డ్.’

తెలుగులో పడు, దిగు, తడియు, చేరు, చేయు, తెచ్చు, చేయించు అని ఏడు వేర్వేరు క్రియలు వచ్చిన చోట ఇంగ్లీషులో ఒక్క ‘గెట్’ సరిపోయింది. ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో ఆ మూస పేజీకి తిరిగి వెళ్లండి. జలుబు వాక్యం దగ్గర ‘కోల్డ్ కేమ్’ అని రాసి ఉంటే ‘నాకు’ వాక్యాలు ఇంకా పట్టుబడలేదన్నమాట. ‘గెట్ రిపేర్డ్ మై అంబ్రెల్లా’ అని రాసి ఉంటే వస్తువు, క్రియల వరుస తారుమారైందన్నమాట.

పై పేరా కబుర్లలో చెప్పడానికి బాగుంటుంది గాని, అంత దగ్గర దగ్గరగా ‘గెట్’ను కాగితం మీద పరిస్తే చదివేవారికి విసుగు. రాతలో, ముఖ్యంగా దరఖాస్తులూ ఆఫీసు ఉత్తరాలూ విశ్వవిద్యాలయాలకు పంపే వ్యాసాలూ రాసేటప్పుడు, ‘గెట్’ను మూసను బట్టి మార్చుకోవాలి. ఉత్తరం అందిందనడానికి ‘రిసీవ్’, అనుమతి తీసుకున్నామనడానికి ‘అబ్టైన్’, స్థితి మారిందనడానికి ‘బికమ్’, చేరామనడానికి ‘అరైవ్’ లేదా ‘రీచ్’ సరిపోతాయి. ‘రీచ్’ తర్వాత ‘టు’ రాదు. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ మాత్రం ఉత్తరాల్లో కూడా మర్యాదగానే చెల్లుతుంది. కనుక్కొని చెబుతాననడానికి మనవాళ్లు రాసే ‘ఐ విల్ రివర్ట్’ కన్నా విదేశాల వారికి అదే సులువుగా అర్థమవుతుంది, వారిలో చాలామందికి ‘రివర్ట్’ అంటే పూర్వస్థితికి తిరిగిపోవడం. ఈ మార్పిడి అన్నిచోట్లా కుదరదన్నదీ గమనించాలి. బస్సు ఎక్కడానికి ‘బోర్డ్’ ఉన్నా, ఆటో ఎక్కామని చెప్పడానికి అది మరీ ఆర్భాటంగా ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న మిత్రుడికి పంపే కార్డు మీద ‘గెట్ వెల్ సూన్’ అనే రాయాలి. అక్కడ ‘బికమ్’ పెడితే ఇంగ్లీషు వాక్యమే కాకుండా పోతుంది.